ఎదురు గంగమ్మ

మిట్టదొడ్డి కొండవాలున, వాగు మలుపు తిరిగే చోట ఎదురు గంగమ్మ గుడి ఉన్నది. అమ్మవారి విగ్రహం మోకాళ్ళ వరకు నీలం, ఆపైన నల్లరాయి. ఎన్ని అభిషేకాలు జరిగినా ఆ నీలం పోలేదు. దానిని తోమరాదని కట్టడి.

పూర్వం ఇక్కడ ఓబులమ్మ అనే ఇల్లాలు వాగునీటితో తమలపాకు తోట పెంచుకునేది. తొలి కడవ గంగమ్మకు, మలి కడవ తీగలకు. అంతలో ఎగువన చౌడప్ప నీలిమందు తొట్లు కట్టి బట్టల అద్దకం మొదలుపెట్టాడు. తొట్లు కడిగిన నీళ్ళన్నీ వాగులోకే వదిలేవాడు. గంగమ్మ కాళ్ళు నీలమయ్యాయి. తీగలు మొదలంటా వాడసాగాయి. ఆ తోట పోతే ఓబులమ్మకు వేరే బతుకు లేదు.

"చౌడప్పన్నా, గుంత తీసి ఆ నీళ్ళు దాంట్లో ఇంకించుకో. నా తోట చస్తా ఉండాది" అని మొరపెట్టుకుంది.

"నీరు పల్లమెరుగు అన్నారు గదమ్మే! మిట్టకెక్కమంటే ఎక్కుతాయా? పోయి మీ గంగమ్మనడుగు" అని నవ్వాడు చౌడప్ప.

పాపం, సామెతలో సగమే చెప్పాడు. నిజం దేవుడెరుగు అన్న రెండో సగం మరిచాడు.

ఆ మురికి అమ్మవారికి పోయలేక, మరునాడు తెల్లవారుజామునే ఓబులమ్మ కొండ చెలమకు పోయి, ఊరిన నీరు ఒక్క కడవ ముంచుకొచ్చింది. వచ్చి చూస్తే ఏమున్నది! వాగు వెనక్కి తిరిగింది. బండ మీద బండ ఎక్కుతూ నీలపు నీరు మిట్టకు పోతున్నది. చౌడప్ప గడప దాటి, అతని బావిలో దూకుతున్నది. చేతులెత్తి మొక్కుదామంటే ఓబులమ్మ నెత్తిన కడవ.

బావి నీలమై తాగను చుక్క లేక, దాహానికి సొమ్మసిల్లిన కూతురిని భుజాన వేసుకుని చౌడప్ప దిగి వచ్చాడు. ఓబులమ్మ అమ్మవారిని చూసింది, పిల్లను చూసింది.

"బిడ్డ తాగినాక మిగిల్తేనే నీకు, తల్లీ" అని కడవ వంచింది.

ఆ మాటకే వాగు మళ్ళీ పల్లానికి తిరిగింది. ఆ రాత్రి అమ్మవారు చౌడప్ప కలలో కనిపించి, "ఇకమీదట నా స్నానం నీది. ఓబులమ్మ తోట కాలువలో ముంచి తే. ముందు నీ బిడ్డకు తాగించి, మిగిలింది నాకు పోయాలి" అని ఆనతిచ్చింది. అతడు గుంతలు తీసి, వాగు తేటపడ్డాకే కడవ ఎత్తగలిగాడు. తోట చిగిర్చింది.

నేటికీ ఈ వాలున మిల్లు పెట్టినా, కార్ఖానా పెట్టినా, యజమాని తన దిగువ పొరుగువాని కాలువలో నీరు ముంచి, తన బిడ్డతో గుడికి రావాలి. సరిగా జరిపించిన వారికి నీటి కరువు ఉండదని, వారి వంశం చల్లగా ఉంటుందని పెద్దల మాట. కడవ దించి, బిడ్డ మొహం చూసి, తాగించలేక తిరిగిపోయిన వారూ ఉన్నారు. వారు గుంతలు తీయించి మళ్ళీ వచ్చేదాకా అమ్మవారు స్నానం లేకుండానే ఉంటుంది.