గంగులు కుండ, రాజుగారి కుండ

కాళ్ళు కడుక్కున్నారా? శేషూ, ఆ దుప్పటి చెల్లెలి మీదకి కూడా కప్పు, నువ్వొక్కడివే లాక్కోకు. ఇవాళ రాక్షసుడి కథ వద్దు. నిన్న ఆ కథ విని ఇది అర్ధరాత్రి నా మెడ పట్టుకుని వేలాడింది. ఇవాళ బాతుల కథ చెబుతాను.

అనగనగా ఒక చెరువు. అందరి కథల్లోనూ ముందు ఊరొస్తుంది, నా కథలో ముందు నీళ్ళొచ్చాయి. ఏం చేస్తాం, చెరువు అంత పెద్దది మరి. ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు కనపడదు. చుట్టూ తుంగ, మధ్యలో కలువలు, అడుగున మోకాటి లోతు బురద. చలికాలం వచ్చిందంటే ఎక్కడెక్కడి దేశాల నుంచో అడవి బాతులు వచ్చి నీళ్ళు కనపడకుండా వాలేవిట. నల్లవి, తెల్లవి, మెడ పచ్చవి, ముక్కు ఎర్రవి. వాటి గోలకి ఒడ్డున ఉన్నవాళ్ళకి ఒకరి మాట ఒకరికి వినపడేది కాదుట.

ఆ ఒడ్డున ఒక గుడిసె, గుడిసెలో గంగులు, వాడి పెళ్ళాం నాంచారి. వాళ్ళది తాతల నాటి నుంచి బాతులు పట్టే ఇల్లు. ఎలా పట్టేవాళ్ళనుకున్నారు? తుపాకీ లేదు, వల లేదు, బాణం లేదు. ఉన్నదల్లా కుండ. అవునే, మన అన్నం కుండ లాంటి కుండే.

చలికాలం మొదట్లో ఖాళీ కుండలు తెచ్చి, కొట్టుకుపోకుండా తాడు కట్టి, నీళ్ళమీద వదిలేసేవాళ్ళు. బాతులు వాటిని చూసి ముందు బెదురుతాయి. తరవాత దగ్గరకొచ్చి చూస్తాయి. ఆ తరవాత ఇదేదో మనలాంటిదే, తిండి తినదు, తగువుకి రాదు అనుకుని వాటి మధ్యే ఈదుతాయి, వాటి మీదే ఎక్కి కూచుంటాయి. అప్పుడు వేటగాడు ఒక కుండకి కళ్ళ దగ్గర రెండు బెజ్జాలు పెట్టి, తలకి బోర్లించుకుని, మెడలోతు నీళ్ళలో మెల్లగా నడుచుకుంటూ వెళ్ళేవాడు. బాతుకి కుండే కనపడుతుంది, మనిషి కనపడడు. నీళ్ళ అడుగు నుంచి చెయ్యి చాచి కాలు పట్టి లాగితే, బుడుంగు. పక్కనున్న బాతుక్కూడా తెలిసేది కాదుట.

పాపం అంటావా చిన్నీ? పాపమే తల్లీ. కానీ వాళ్ళ కూడు అదే. అందుకే ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది, కావలసినన్నే పట్టాలి, ఒక్కటి ఎక్కువ పట్టకూడదు అని. ఊ కొడుతున్నారా? కొట్టండి, లేకపోతే నేనే నిద్రపోతాను.

గంగులు మంచివాడే. వాడికున్న జబ్బల్లా నోరు ఊరుకోకపోవడం. ఎద్దుతో మాట్లాడేవాడు, గోడతో మాట్లాడేవాడు, పొయ్యి మీద ఉడుకుతున్న పులుసుతో కూడా మాట్లాడేవాడు. అచ్చం మీ తాతయ్యే అనుకోండి. అందుకే తండ్రి ఉన్నన్నాళ్ళూ వాణ్ణి నీళ్ళలోకి దిగనివ్వలేదు, బుట్ట ఇచ్చి ఒడ్డున కూచోబెట్టేవాడు. ఆ వానాకాలం తండ్రి కాస్తా కన్నుమూశాడు. కుండ గంగులు నెత్తిన పడింది.

ఇక్కడుంది అసలు చిక్కు. ప్రతి మాఘమాసంలోనూ రాజుగారి పుట్టినరోజు విందు. ఆ విందుకి బాతులివ్వాల్సింది గంగులు ఇంటివాళ్ళు. ఇస్తే చెరువు వాళ్ళది. ఇవ్వలేకపోయిన ఏడాది చెరువు ఇంకొకరిది, గుడిసె పీక్కుని పోవలసిందే. ఆ చెరువు మీద ఎప్పటినుంచో కన్నేసి కూచున్నవాడు రాజుగారి బావమరిది కొండ్రాజు. బాతుల మీద ప్రేమేమీ లేదు వాడికి. గట్టు కొట్టించి, నీళ్ళు తోడించి, వరి వేసుకోవాలని వాడి ఆశ.

బాతులు వాలాయి. గంగులికి కాలు నిలవలేదు. పొద్దున కుండలు వదిలాడు, మధ్యాహ్నానికల్లా తనూ కుండ పెట్టుకుని దిగిపోయాడు. బాతులు ఇంకా కుండల్నే సరిగ్గా చూడలేదు, అందులో ఒక కుండ నడిచొస్తుంటే ఊరుకుంటాయా? కుండ కదిలింది. కుండ కదిలితే నీరు కదిలింది. నీరు కదిలితే బాతు కదిలింది. బాతు కదిలితే గుంపు లేచింది. గుంపు లేస్తే గంగులు కడుపు మాడింది.

నాంచారి తల పట్టుకుంది. మీ నాన్న బాతులు కుండలెక్కి రెక్కలు దువ్వుకునేదాకా ఒడ్డు దాటేవాడు కాదు కదయ్యా, నీకేమొచ్చింది తొందర అని చివాట్లు పెట్టింది. గంగులు తల వంచుకుని, అలాగే, ఆగుతానన్నాడు. ఆగాడు కూడా. రోజూ ఒడ్డున గొంతుక్కూచుని చూసేవాడు. ఒకనాటికి బాతులు కుండలెక్కి రెక్కలు దువ్వుకున్నాయి. అమ్మయ్య అని దిగాడు. ఈసారి మెల్లగా, మెల్లగా, దగ్గరకంటా వెళ్ళాడు. ఇంకొక్క అడుగుంది. ఆ సంతోషం పట్టలేక కుండలోపల కూనిరాగం తీశాడు మహానుభావుడు.

ఖాళీ కుండలో తలపెట్టి పాడితే ఎలా ఉంటుందో తెలుసా? రేపు బిందెలో తలపెట్టి చూడండి, మీ అమ్మచేత తిట్లు తినండి. భూమ్‌మ్‌ అని మోగింది. కుండ మోగింది. కుండ మోగితే నీరు వణికింది. నీరు వణికితే బాతు వణికింది. బాతు వణికితే గుంపు లేచింది. గుంపు లేస్తే గంగులు కడుపు మళ్ళీ మాడింది.

ఈసారి నాంచారి తిట్టలేదు. తిడితే వాడు తిరిగి మాట్లాడతాడు, అదేగా జబ్బు. చెంబెడు నీళ్ళు తెచ్చి, పుక్కిట పట్టు, మింగకు, ఉమ్మకు అంది. ఎదురుగా కూచుని వాడికి ఒళ్ళుమండే మాటలు మొదలెట్టింది. మీ అమ్మ చేసే చారు కుడితిలా ఉండేదంది. వాడు గొటుక్కున మింగి, మా అమ్మ చారు గురించి నీకేం తెలుసన్నాడు. మళ్ళీ నీళ్ళు పోసింది. నీ గురక్కి గేదె తాడు తెంపుకుందంది. ఫూ మని ఉమ్మేసి, గురక నాది కాదన్నాడు. మళ్ళీ పోసింది. అలా పోస్తూ పోస్తూ, అంటూ అంటూ, చివరికి ఏమన్నా వాడు బుగ్గలు పొంగించుకుని కళ్ళు మిటకరించడమే కానీ చుక్క జారనివ్వలేదు. ఆ పూట నాంచారి వాడికి నెయ్యి ఎక్కువేసి పెట్టింది.

అక్కణ్ణించి నోట్లో నీళ్ళు పోసుకునే గంగులు చెరువులో దిగేవాడు. పొద్దుటికొకటి పట్టేవాడు, గంపకింద దాచేవాడు. విందుకి సరిపడా వస్తాయన్న ధైర్యం చిక్కింది. ఇంక అంతా బాగానే ఉందనుకుంటున్నారా? అంత తేలిగ్గా అయిపోతే అది కథ ఎలా అవుతుంది? ఒకనాడు వెళ్ళి చూస్తే కుండల చుట్టుపక్కల ఒక్క బాతూ లేదు. కుండలు సగం పగిలిపోయున్నాయి. కొత్తవి తెచ్చి వదిలాడు. నాలుగు పొద్దులు పోయేసరికి అవీ పగిలాయి. కుండంటేనే బాతులు బెదిరి అవతలికి పోవడం మొదలెట్టాయి.

గంగులు చూరు కింద కూచుని ఏడ్చాడు. నిద్రలో లేచి వెళ్ళి నేనే ఏదో వాగి ఉంటాను, నా నోరే నన్ను ముంచింది, మా నాన్న చెరువు పోగొట్టాను అని ఏడ్చాడు. మగాడు ఏడిస్తే ఏమిట్రా నవ్వుతావు? ఇల్లు పోతుందంటే ఎవరికైనా ఏడుపొస్తుంది.

నాంచారి ఏడవలేదు. పెంకులు ఏరింది. ఒక పగిలిన కుండ అడుగున గుప్పెడంత రాయి దొరికింది. ఆ చెరువు గట్టున బురద తప్ప గులకరాయన్నది పుట్టదు. ఇది ఎవరో మోసుకొచ్చి విసిరిన రాయి అని దానికి అర్థమైపోయింది. చెరువు మీద కన్నేసిన కొండ్రాజు కాక ఇంకెవరు? కానీ ఆ మాట చెబితే రాజుగారు నమ్ముతారా? కొండ్రాజు మీద చాడీ చెప్పారని ఉన్న గుడిసె ఆ రోజే పీకించేస్తారు. అందుకని చాడీ చెప్పలేదు. తిన్నగా కోటకి వెళ్ళి, దణ్ణం పెట్టి, మహారాజా, పులిని కొట్టిన రాజులున్నారు, ఏనుగుని పట్టిన రాజులున్నారు, నీళ్ళలో నిలబడి చేత్తో బాతుని పట్టిన రాజు ఇంతవరకూ పుట్టలేదట, తమరొక్కసారి వస్తే బావుణ్ణు అంది. ఎవరికీ చెప్పకూడదు, ఒంటరిగా రావాలి, తెల్లవారకముందే రావాలి, అదీ షరతు.

రాజుగారికి ఆ మాట ఎక్కడో తగిలింది. నాంచారి ఆ సాయంత్రమే గంగులు చేత మళ్ళీ కొత్త కుండలు వదిలించింది, కుండలుంటే రాళ్ళూ వస్తాయని దానికి తెలుసు. మర్నాడు చీకటితోనే వచ్చేశాడు. వచ్చాడయ్యా, చేతిలో తళతళలాడే ఇత్తడి బిందె. నేను రాజుని, మట్టికుండ నెత్తిన పెట్టుకుంటానా అన్నాడట. నాంచారి చేతులు కట్టుకుని, దొరా, బాతులకి రాజుగారి మొహం తెలియదు, కుండ మొహమే తెలుసు అంది. రాజుగారు కాసేపు గింజుకుని చివరికి మసికుండే పెట్టుకున్నాడు. పెట్టుకునే ముందు నోరు తెరవమంది. రాజుగారి నోట్లో చెంబుతో నీళ్ళు పోసి నోరు మూయించిన మనిషి ఈ భూమ్మీద నాంచారి ఒక్కతే.

దిగారు రాజుగారూ గంగులూ. పక్కపక్కన రెండు కుండలు. చలికి రాజుగారి మోకాళ్ళు కొట్టుకున్నాయి. జలగ పాకింది. ఎవర్రా అక్కడ అని కేకెయ్యడానికి లేదు, నోటినిండా నీళ్ళు. అంతలో ఇంకా బెదరకుండా మిగిలిన బాతు ఒకటి బుడిబుడిగా ఈదుకుంటూ వచ్చి రాజుగారి కుండెక్కి కూచుంది. కూచుని ఊరుకుందా? రాజుగారి నెత్తిన దాని పని అది కానిచ్చుకుని పోయింది. నవ్వండి, నవ్వండి, నేనూ చిన్నప్పుడు ఇక్కడే నవ్వేదాన్ని.

అప్పుడొచ్చింది పడవ. పడవలో కొండ్రాజు, తెడ్డేసే మనిషి, ఒక బుట్టెడు రాళ్ళు. కొండ్రాజు పడవ అంచున కూచుని, నీళ్ళలోకి కాళ్ళు జార్చి, హాయిగా ఆడిస్తూ కబుర్లు మొదలెట్టాడు. ఇంకో రెండు పొద్దులు ఈ కుండలు కొడితే చాలురా, విందుకి బాతులుండవు, ఆ వాగుడుకాయ గంగులు గుడిసె పీక్కుని పోతాడు, చెరువు నాదవుతుంది అన్నాడు. రాజుగారు ఒప్పుకుంటారా అని వాడడిగితే, మా బావా? నేనేది చెప్పినా గంగిరెద్దులా తలూపుతాడు అని పకపకా నవ్వాడు.

గంగులికి నరాలు తెగిపోయేంత కోపమొచ్చింది. అరవాలి, తిట్టాలి, వాడి తాతముత్తాతల్ని కూడా కలిపి తిట్టాలి. కానీ ఇప్పుడు అరిస్తే? కొండ్రాజు నాలిక మడతేసి, నేను బాతుల్ని చూడ్డానికొచ్చాను, వీడే అబద్ధాలాడుతున్నాడంటాడు. ఇంకాస్త విననీ, రాజుగారి చెవులతో రాజుగార్నే విననీ అనుకున్నాడు. ఒక రాయొచ్చి పక్క కుండ పగిలింది. గంగులు కదల్లేదు. ఇంకో రాయొచ్చి గంగులు కుండకే తగిలింది. పెంకు ఊడి నుదురు చీరుకుంది, రక్తం కంట్లోకి కారింది. అయినా చుక్క నీరు నోట్లోంచి జారనివ్వలేదు. నా తండ్రే, ఆ క్షణం వాణ్ణి చూస్తే వాళ్ళ నాన్న ఎంత మురిసిపోయేవాడో.

అప్పుడు రెండో కుండ కదిలింది. కుండ కదిలింది, నీరు కదల్లేదు. నీరు కదల్లేదు, కొండ్రాజుకి తెలియలేదు. తెలియకుండానే నీళ్ళ అడుగు నుంచి ఒక చెయ్యొచ్చి రెండు కాళ్ళూ కలిపి పట్టుకుంది. బుడుంగు.

నాచు మీసాలతో, బురద గడ్డంతో కొండ్రాజు పైకి తేలేసరికి ఎదురుగా ఒక మసికుండ. ఆ కుండ కాస్త పైకి లేచి, వాడి మొహం మీద ఫూ మని పుక్కిటి నీళ్ళు ఉమ్మి, గంగిరెద్దునటరా నేను అని రాజుగారి గొంతుతో భూమ్‌మ్‌ మని అడిగింది. తెడ్డేసేవాడు కుండ దెయ్యమనుకుని పడవ వదిలేసి ఈదుకుంటూ పోయాడు, ఇప్పటికీ ఈదుతున్నాడేమో తెలియదు.

ఒడ్డుకొచ్చాక రాజుగారు గంగుల్ని అడిగాడు, ఎందుకయ్యా నా దగ్గరకొచ్చి ఒక్కసారైనా చెప్పుకోలేదు అని. మరొకప్పుడైతే గంగులు పొద్దు గుంకేదాకా చెప్పేవాడు. అప్పుడు నీళ్ళు ఉమ్మేసి, చెబితే మీకు నా మాట వినపడేది దొరా, ఇప్పుడు నిజం వినపడింది అన్నాడు. అంతే, ఒక్క ముక్క. నాంచారి వాడి నుదుటికి పసుపు అద్దుతూ కళ్ళు తుడుచుకుంది.

ఆ ఏడాది విందులో బాతులు చాలలేదు. గంపకింద ఉన్నవాటితో సరిపెట్టి, మిగతా వాళ్ళకి గుమ్మడికాయ పులుసు వడ్డించారు. రాజుగారే రెండుసార్లు పోయించుకున్నాడు. చెరువు గంగులు వాళ్ళకే ఉండిపోయింది. కొండ్రాజుకి శిక్ష ఏమిటనుకున్నారు? వచ్చే చలికాలమంతా నోట్లో నీళ్ళు పోసుకుని గంగులు పక్కన కుండ పెట్టుకుని నిలబడడం. అన్నట్టు, ఆఖరికి వాడూ మంచివాడయ్యాడుట. అంతసేపు నోరు మూసుకుంటే ఎవరైనా అవుతారు.

రాజుగారికి మాత్రం ఆ కుండ రుచి తగులుకుంది. అప్పుడప్పుడూ కోటలో కనపడేవాడు కాదు, అదే పొద్దున చెరువులో ఒక కుండ ఎక్కువ కనపడేది. ఊళ్ళోవాళ్ళు పసిగట్టేశారు. పసిగట్టినట్టు ఎవరూ బయటపడలేదు. పన్ను ఎక్కువైన రైతు, అన్నతో గొడవపడ్డ తమ్ముడు, కొడుకు తిండిపెట్టని ముసలమ్మ, అందరూ గట్టుమీద కూచుని, కుండలతో చెప్పుకుంటున్నట్టు వాళ్ళ కష్టం చెప్పుకుని లేచి వెళ్ళిపోయేవాళ్ళు. వారం తిరిగేసరికి వాళ్ళ కష్టం తీరిపోయేది.

అందుకని నాన్నా, ఎవరైనా ఏదైనా చెబుతుంటే మధ్యలో దూరకండి. కాసేపు పుక్కిట నీళ్ళున్నాయనుకుని వినండి. నిదానం, నోటి అదుపు ఉన్నవాడికి చెరువూ దక్కుతుంది, గుడిసే దక్కుతుంది. ఇదుగో, ఇది అప్పుడే నిద్రపోయింది. శేషూ, నువ్వూ కళ్ళు మూసుకో. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పటి దారి పడదాం.