పెడమొగం తల్లి, పిడికెడు ఊక

దంపులరేవు వచ్చే భక్తులకు ముందుగా ఒక మనవి. మా గుడిలో అమ్మవారి వీపు మాత్రమే కనిపిస్తుంది. విగ్రహాన్ని తప్పుగా నిలబెట్టారనీ, పూజారి పరధ్యానంలో అటు తిప్పేశాడనీ కార్యాలయానికి వచ్చి గొడవ పడకండి. అమ్మ పేరే పెడమొగం తల్లి. ముఖం చూసినవారు ఈ తరంలో లేరు, పోయిన తరంలోనూ లేరు. పూజారి కూడా వెనకనుంచి చెయ్యి చాచి, తడుముకుంటూనే పసుపు రాస్తాడు.

బస్సు దిగి, ఐసు ఫ్యాక్టరీ దాటి సముద్రం వైపు నడిస్తే దొరల కాలంనాటి గిడ్డంగుల మొండి గోడలు కనిపిస్తాయి. వాటి నడుమ విరిగిన జెండా కొయ్య, దాని పక్కనే గుడి. ఫాల్గుణ మాసంలో పున్నమికి ముందు వచ్చే మంగళవారం ఇక్కడ ఊక పోగు జరుగుతుంది. ఆ సాయంత్రం అందరికంటే ముందు ఊరి పోలీసు అధికారి పిడికెడు ఊక పోస్తాడు. తర్వాత ఆయనా, ఆయన సిబ్బందీ అమ్మవారికి వీపు తిప్పి నిలబడతారు. దాన్ని ఫోన్లో ఫొటో తీసి, అపచారం జరిగిపోయిందని ఊరంతా చాటిన మహానుభావులూ ఉన్నారు. అయ్యా, ఈ నాలుగు పేజీలు చదివి అప్పుడు చాటండి.

పూర్వం ఇక్కడ తెల్లదొరల రేవు ఉండేది. చుట్టుపక్కల పల్లెల వడ్లన్నీ ఇక్కడికే చేరేవి. దంపుళ్ళ పాకల్లో ఆడవాళ్ళు పొద్దస్తమానం రోకళ్ళు వేసి బియ్యం చేస్తే ఓడలు ఎత్తుకుపోయేవి, ఊక మాత్రం మనకు మిగిలేది. పాక మూలన ఒక రాయి ఉండేది. దానికి పసుపు రాసి, కాటుకతో కళ్ళు దిద్ది, పనిలోకి దిగే ముందు పిడికెడు ఊక పోసి దణ్ణం పెట్టుకునేవారు. దంపుళ్ళ అమ్మ అనేవారు తప్ప అప్పటికి ఆ తల్లికి వేరే పేరు లేదు.

ఆ ఆడవాళ్ళు కాపురముండే దంపుడు పేటలో ఏదైనా వస్తువు పోతే ఎవరినీ నిలదీసేవారు కాదు. ఇంటింటి నుంచీ ఒక్కొక్కరూ గుప్పిట మూసి ఊక తెచ్చి ఒకచోట పోసేవారు. తీసినవాళ్ళు ఎవరో ఊకతో పాటు ఆ వస్తువునూ జారవిడిచేవారు. పోగును చేటతో చెరిగితే పోయినది బయటపడేది. ఎవరి గుప్పిటలోంచి వచ్చిందని అడిగే ఆనవాయితీ లేదు. వస్తువు దక్కేది, మనిషికి పరువూ దక్కేది.

రేవు పెరిగింది, చిల్లర దొంగతనాలూ పెరిగాయి. పోయినవి పెద్ద సొత్తులేం కావు. కోటు గుండీలు, కొవ్వొత్తి ముక్కలు, మేజోళ్ళు, తాళపుచెవులు. కానీ పోయింది దొరల బంగళాల్లో! దాంతో పైఊరి నుంచి వెంకోబారావు అనే జమేదారును పిలిపించి, జవాన్లను ఇచ్చి, రేవు కాపలా అప్పగించారు. తన కన్ను కప్పి ఈ రేవులో చీమ కూడా కదలదని ఆయన వచ్చిన రోజునే ప్రకటించాడు.

దొంగను పట్టడానికి ఆయనకు ఒక పద్ధతి ఉండేది. అనుమానం ఉన్నవాళ్ళను వరసగా నిలబెట్టి, నిండు నీళ్ళ చెంబు ఒక్కొక్కరి అరచేతిలో పెట్టి, ఎదురుగా నిలబడి గుడ్లురిమి చూసేవాడు. నీళ్ళు తొణికితే దొంగ. ఇక జెండా కొయ్యకు కట్టి కొరడా దెబ్బలు. దీనితో ఊరికి నెమ్మది లేకుండా పోయింది. ఏమీ తియ్యనివాళ్ళు కూడా ఇంట్లో తలుపులు వేసుకుని చెంబు పట్టడం సాధన చేసేవారట. అన్నం ముందు కూర్చున్నా చెయ్యి వణుకుతోందేమోనని చూసుకునేవారట. ఖర్మ కాకపోతే ఏమిటి చెప్పండి!

అట్లా ఉండగా పెద్దదొర బంగళాలో చిన్న వెండి చెంచా పోయింది. దొరసానికి పుట్టిన పసిబిడ్డ జ్వరం తగిలి పోయాడు. ఆ బిడ్డకు పాలు పట్టిన చెంచా అది. దాన్ని తలగడ కింద పెట్టుకుంటే తప్ప ఆమెకు కునుకు పట్టేది కాదు. చెంచా కనిపించని పొద్దుటినుంచి ఆ తల్లి అన్నం ముట్టలేదు. దొరకు కోపం నషాళానికంటింది. జమేదారు వెంటనే బంగళా నౌకర్లందరినీ వరసలో నిలబెట్టాడు.

ఆ వరసలో అసిరయ్య ఉన్నాడు. బంగళాకు కావిడితో నీళ్ళు మోసేవాడు. ఇసుకలో అంత దూరం నడిచినా చుక్క ఒలకనివ్వడని పేరు. అటువంటివాడి అరచేతిలో చెంబు తొణికి నీళ్ళు జమేదారు చెప్పుల మీద పడ్డాయి. ఇంకేముంది, కొట్లో వేశారు. బియ్యం ఎత్తడం పూర్తయి ఓడ కదిలే రోజున కొరడా దెబ్బలు కొట్టి, అదే ఓడలో ద్వీపాంతరం పంపాలని తీర్పు చెప్పారు. చెంచాడు వెండి కోసం మనిషిని సముద్రం దాటించడమేమిటని అడిగే దిక్కు లేదు.

అసిరయ్యకు ఉన్నది ఒక్క అక్క, గురువులమ్మ. దంపుళ్ళ పాకలో ఆడవాళ్ళకు పెద్ద. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకన వేసుకుని పెంచింది. ఆమె గంజి ముంత పట్టుకుని కొట్టు దగ్గరకు వెళితే, అసిరయ్య ఊచల్లోంచి ఒకే మాట అడిగాడు. "అక్కా, నువ్వు కూడా నమ్మీసినావేటి?"

చెంబు పరీక్షనాడు ఆ చెయ్యి వణకడం గురువులమ్మ కూడా జనంలో నిలబడి చూసింది. ముంత అక్కడ పెట్టి వచ్చేసింది. పాకకు వచ్చాక దుఃఖం పొంగుకొచ్చింది. రోకలి ఎత్తింది, దించింది, మళ్ళీ ఎత్తలేకపోయింది. తమ్ముడు దొంగ అయ్యాడనో, తాను వాణ్ణి దొంగ అనుకున్నందుకో, ఏది తనను కాల్చుకు తింటోందో ఆమెకే తెలియలేదు.

మధ్యాహ్నం ఊక కుప్ప మీద తల వాల్చితే కునుకు పట్టింది. కలలో దంపుళ్ళ అమ్మ కనిపించింది. కాటుక కళ్ళు రెండూ చేతులతో మూసుకుని ఉంది. "రేవంతటి చేతా పోగు పోయించు. దొరా, జమేదారూ, ఎవరినీ వదలకు. నన్ను అటు తిప్పి కూర్చోబెట్టు" అని చెప్పి మాయమైంది. గురువులమ్మ లేచి రోకలి గోడకు ఆనించింది. ఆమెను చూసి పక్క మనిషి, ఆ పక్క మనిషి. కాసేపటికి పాకలన్నీ మూగపోయాయి.

ఓడ బియ్యం కోసం ఎదురుచూస్తోంది. జమేదారు చిందులు తొక్కుతూ వచ్చాడు. "ఏమే, ఒళ్ళు బలిసిందా? రోకళ్ళు ఎత్తండి!"

"ఎత్తుతాం బాబూ. రేవంతా కలిసి ఊక పోగు పొయ్యాల. సెంచా దొరికితే నా తమ్ముణ్ణి ఒదిలెయ్యాల. ఎవులు తీసినారని అడగకూడదు" అంది గురువులమ్మ.

"దొరక్కపోతే?"

"ఆడితో పాటు నన్నూ ఓడెక్కించీయండి."

ఆ మాట దొర దాకా వెళ్ళింది. ఓడ కెప్టెను తొందర పెడుతున్నాడు, దొరసాని పస్తులుంటోంది. దొర సరేనన్నాడు.

మర్నాడు పొద్దు వాలేవేళకు జెండా కొయ్య దగ్గర రేవంతా పోగైంది. గురువులమ్మ రాయిని తెచ్చి, ముఖం సముద్రం వైపు తిప్పి నిలబెట్టింది. దంపుడు పేట ఆడవాళ్ళు, బంగళా నౌకర్లు, గుమాస్తాలు, జవాన్లు, దొర, దొరసాని, అందరి గుప్పిట్లోనూ ఊక ఉంది. కానీ ఒక్కరూ కదలరు. ఎందుకు కదులుతారు? జమేదారు పోగు చుట్టూ జవాన్లను నిలబెట్టి, ఎవరి గుప్పిట ఎలా తెరుచుకుంటుందో కళ్ళు పొడుచుకుని చూడమని ఆజ్ఞ ఇచ్చాడు. పని చెడగొట్టడానికి ఇంతకంటే మంచి ఉపాయం ఎవరికీ తట్టదు.

పొద్దు గుంకుతోంది. చివరకు గురువులమ్మ జమేదారు ముందుకు వచ్చి చేతులు జోడించింది. "ముందు తమరే పొయ్యండి బాబూ."

"నేనా? నాకేం భయం!" అంటూ ఆయన అడుగు ముందుకు వేశాడు. అంతవరకూ అందరినీ తాను చూసినవాడే గాని, అందరూ తనను చూడడం ఎరగడు. ఊరి కళ్ళన్నీ ఆ గుప్పిట మీద వాలాయి. చెయ్యి చాచాడు. చెయ్యి వణికింది. ఊక పోగు మీద పడకుండా చెప్పుల మీద జలజల రాలిపోయింది.

"తొణికిందిరోయ్! జమేదారు గారి చెయ్యి తొణికింది!" అని జనంలోంచి ఎవరో అరిచారు. "కట్టండి జెండా కొయ్యకి!" అని ఇంకొకరు. నవ్వులే నవ్వులు.

జమేదారు ముఖం కందగడ్డ అయింది. "నేనేమీ తియ్యలేదు" అన్నాడు, ఎవరూ అడగకుండానే.

"తెలుసు బాబూ. నా తమ్ముడూ అదే మాట సెప్పినాడు" అంది గురువులమ్మ. ఆ మాటతో ఆమెకే కళ్ళనీళ్ళు ఆగలేదు. నిన్న తమ్ముడికి చెప్పలేకపోయిన జవాబు జమేదారుకు చెప్పింది మరి.

ఆయన చాలాసేపు తన అరచేతిని చూసుకున్నాడు. తర్వాత జవాన్ల వైపు తిరిగి, "అటు తిరగండి" అన్నాడు. తానూ పోగుకు వీపు తిప్పి నిలబడ్డాడు. జనం కూడా ఎవరికి వారే తలలు తిప్పుకున్నారు. అప్పుడు కదిలింది వరస.

చీకటి పడకముందే గురువులమ్మ చేట పట్టి చెరిగింది. గుండీలు రాలాయి, తాళపుచెవులు రాలాయి, ఎవరూ పోయాయని చెప్పని ఉంగరాలు రాలాయి. అడుగున వెండి చెంచా తగిలింది. దొరసాని దాన్ని లాక్కుని గుండెకు హత్తుకుని, ఇసుకలో కూలబడి బావురుమంది. దంపుడు పేట ఆడవాళ్ళు ఆమె చుట్టూ చేరి తామూ ఏడ్చారు. పిల్లలు పోయిన తల్లులు ఆ పేటలోనూ ఉన్నారు.

దొర మాత్రం మాట తప్పబోయాడు. ఎవరు వేశారో చెప్పమని జమేదారును గద్దించాడు. "నేను చూడలేదు దొరా. నా వీపు అటుంది" అన్నాడు వెంకోబారావు. అని, తానే వెళ్ళి కొట్టు తాళం తీశాడు.

ఇంటికి వచ్చాక అసిరయ్య మళ్ళీ అదే అడిగాడు. అబద్ధం చెబితే సరిపోయేది. గురువులమ్మ చెప్పలేదు. "ఒక పూట నమ్మినాన్రా తమ్ముడా" అంది. అసిరయ్య పీట వాల్చుకుని కూర్చున్నాడు. తర్వాత, "గంజి ఉందేటి?" అని అడిగాడు. ఆమె లేచి వెళ్ళి గంజి తెచ్చింది.

మర్నాడు రాయిని పాకలోకి తీసుకువెళ్ళబోతే కదలలేదు. ముందురోజు ఒక్క ఆడమనిషి ఎత్తి తెచ్చిన రాయి, గునపాలు వేసినా ఇటు తిరగలేదు. అమ్మ ఇక అలాగే ఉంటుందని అందరికీ తెలిసింది. చుట్టూ మొదటి పందిరి వేయించింది జమేదారే. చెంబు పరీక్ష మళ్ళీ ఈ రేవులో జరగలేదు.

దొరలు పోయారు, ఓడలు పోయాయి. ఊక పోగు నిలిచింది. ఇప్పుడు దంపుళ్ళు లేవు కాబట్టి ఊక రైసు మిల్లు నుంచి వస్తుంది. ముందుగా పోసే పోలీసు అధికారి చెయ్యి వణికితే ఆ ఏడు ఊరికి మేలని నమ్మకం. చెరగగా దొరికిన వస్తువులు అరుగు మీద పెడతాం, ఎవరివి వారు తీసుకుపోవచ్చు. నింద పడినవారు, కొలువులోనో కేసుల్లోనో నలుగుతున్నవారు ఇక్కడ ఊక పోస్తే మనసు కుదుటపడుతుందని పెద్దలు చెబుతారు. ఇంతకీ చెంచా దొంగ ఎవరండీ అని అడిగేవాళ్ళకు మాత్రం ప్రసాదం ఆఖరున పెడతాం.

నవ్వులాటకు అంటున్నాను గాని, ఆ ఆరాటం నాకు తెలియనిది కాదు. ధర్మకర్తగా నా మొదటి పోగునాడు చేటలో మా అమ్మ ముక్కుపుడక రాలింది. ఎన్నో ఏళ్ళ కిందట మా ఇంట్లో, బయటివాళ్ళెవరూ అడుగుపెట్టని దేవుడి గదిలోంచి పోయినది. అంటే మా ఇంటివాళ్ళే ఎవరో ఆ వరసలో ఇప్పుడే నడిచి వెళ్ళారు. నా ఒళ్ళు ఉడికిపోయింది. గిరుక్కున తల తిప్పి వరసలోని ముఖాలు చూడబోయాను. పక్కనే నిలబడ్డ మా అమ్మ నా గడ్డం పట్టుకుని, ముఖం సముద్రం వైపు తిప్పేసింది.