తబితమ్మ కాల్చిన రొట్టె

ఆ ఆదివారం తీతుకి మొదటి ప్రసంగం. పగలు టైలరు పని చేసుకుంటూ, సాయంత్రాలు చర్చి పాస్టరు యేసుపాదం అయ్యగారి దగ్గర బైబిలు వాక్యం నేర్చుకుంటున్నాడు. ఇన్నాళ్లకి అయ్యగారు, "దేవుని రాజ్యం గురించి ఈసారి నువ్వే చెప్పు" అన్నారు.

పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని అయ్యగారింటికి పరిగెత్తాడు.

"అయ్యగారూ, ప్రసంగమంతా నోటికొచ్చేసింది. రాజ్యం ఎట్టుంటదో చెప్పేకాడే ఆగిపోతున్నా. ఒక్క మాట చెప్పండి."

అయ్యగారు లోపలికెళ్లి, గిన్నెలో గోధుమపిండి తెచ్చి అతని చేతిలో పెట్టారు.

"ఇయ్యాల ప్రభువు బల్ల కదా, అందరికీ రొట్టె విరిచి పంచాల. రొట్టె తబితమ్మ చేత కాల్పించుకురా."

తీతు మొహం మాడిపోయింది.

మొన్న క్రిస్మస్‌కి రాత్రిపూట ఇంటింటికీ కేరల్స్ పాడటానికి పాటలవాళ్లని తిప్పింది అతనే. విశ్వాసుల ఇళ్లన్నీ తిరిగారు, ఒక్కటి తప్ప. తబితమ్మ ఇల్లు సందు చివర. సౌండు బాక్సుల ఆటో ఆ సందులో పట్టదు. "పోనీలే, ఒక్క ఇల్లేగా" అని వదిలేశాడు. ఆమేమో గుమ్మానికి స్టార్ కట్టి, పెద్ద గిన్నెడు టీ కాచి, తెల్లారేదాకా ఎదురుచూసింది. అప్పట్నించి గుడి మొహం చూళ్లేదు. అయ్యగారు పోయి పిలిచినా రాలేదు.

"ఇంకెవరింటికన్నా పంపండి అయ్యగారూ. ఆమె నన్ను చీపురుతో కొట్టిద్ది."

"పిండి ఒలకబోసుకోకు" అన్నారు అయ్యగారు.

తబితమ్మ వాకిట్లో అంట్లు తోముతోంది. అతన్ని చూసి కూడా లేవలేదు.

"దారి తెలిసిందా నాయనా? ఆటో ఏడ పెట్టొచ్చా?"

"నడిచొచ్చా పెద్దమ్మా."

"ఓహో! నడిస్తే వచ్చిద్దన్నమాట మా ఇల్లు."

తీతు తల దించుకుని గిన్నె చాపాడు. "బల్లకి రొట్టె కాల్పించుకు రమ్మన్నారు అయ్యగారు."

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"నా చేతా?"

"నీ చేతే."

ఆమె చేతులు కడుక్కుంది.

"కాలుస్తా. ముందు నా పాట నాకు పాడు."

"ఇప్పుడా? ఈ ఎండల్లో క్రిస్మస్ పాటేంది పెద్దమ్మా, జనం నవ్వుతారు!"

"ఆ రోజు నన్ను చూసి నవ్వలేదా?"

తీతు చెప్పులు విప్పి వాకిట్లో నిలబడ్డాడు. "తప్పయిపోయింది పెద్దమ్మా" అని కళ్లు మూసుకుని పాట ఎత్తుకున్నాడు. డప్పు లేదు, మైకు లేదు.

పక్కింటి ముసలాయన గోడ మీంచి తొంగిచూశాడు. "ఏందిరోయ్, మీ యేసు మళ్లీ పుట్టాడా?"

"మా ఇంటికి ఇప్పుడే వచ్చాడు బాబాయ్" అంది తబితమ్మ, కొంగుతో కళ్లు తుడుచుకుంటా.

ఎదురింటి పిల్లలొచ్చి చప్పట్లు మొదలెట్టారు. ఆమె పిండి పిసుకుతానే పాట అందుకుంది. రెండో చరణం వచ్చేసరికి ఆమె గొంతు ముందు తీతు గొంతు వినపడనే లేదు. పెనం మీద రొట్టె పూరీలాగా పొంగింది.

వాళ్లు గుడికి చేరేసరికి ఆరాధన సగమయింది. తబితమ్మ తెల్లచీర కట్టుకుని, రొట్టె మీద తెల్లగుడ్డ కప్పుకుని, ముందు నడిచింది. వెనకాల చెమటతో తడిసిన చొక్కాతో తీతు. ఆడవాళ్లు చాప మీద గబగబా జరిగారు. "రా వదినా, ఇట్రా!" అని ఒకామె ఏడ్చేసింది. ఎవరో స్తోత్రం అన్నారు. ఇంక గుడంతా స్తోత్రాలే.

అయ్యగారు రెండు చేతుల్తో రొట్టె అందుకుని బల్ల మీద పెట్టారు.

తీతు ముందుకొచ్చి మైకు పట్టుకున్నాడు. ఎదురుగా జనం మధ్యలో తబితమ్మ. నోరు తెరిచాడు. నోటికొచ్చిన ప్రసంగంలో ఒక్క ముక్క కూడా రాలేదు.

అయ్యగారు నవ్వుకుంటా వచ్చి, అతని చేతిలోంచి మైకు తీసుకుని తబితమ్మకిచ్చారు.

"ప్రసంగం ఇందాక మీరిద్దరూ నడిచొచ్చినప్పుడే అయిపోయింది. పాట ఎత్తుకోమ్మా."