గది పాడిన పంచమం

కూర్మారావుకి పదకొండు రోజులుగా మనసు ఎటూ తేలడం లేదు.

విశాఖపట్నంలో అతని మేడమెట్ల పక్కన ఒక సామాన్ల గది ఉంది. వెడల్పు అయిదడుగులు, పొడవు ఎనిమిది. పాత పరుపులూ రేకు డబ్బాలూ బయట పడేయించి, సున్నం వేయించి, దాన్ని పాట వినే గదిగా మార్చాడు. తన కోసం కాదు, గురువుగారి కోసం.

గురువుగారి పేరు పేరిశాస్త్రి. ఎనభై రెండేళ్ల గాయకులు. ఆయన భార్య సోమిదేవమ్మ గారు వీణ వాయించేవారు, అదీ ఇంట్లో, ఎవరూ లేనప్పుడు. ముప్ఫై ఏళ్ల కిందట శాస్త్రిగారు కచేరీకి ఊరు వెళ్లినప్పుడు కూర్మారావు ఒక టేపురికార్డరు పట్టుకెళ్లి ఆవిడ ముందు పెట్టాడు.

"నువ్వు ఎదురుగా కూర్చుంటే నాకు చెయ్యి ఆడదు నాయనా. వీధరుగు మీద కూర్చో" అని ఆవిడ తలుపు దగ్గరగా వేసుకున్నారు.

ఆ ఒక్క క్యాసెట్టే మిగిలింది. ఆవిడ పోయాక శాస్త్రిగారు దాని మాట ఎత్తనివ్వలేదు. ఈ మధ్య ఉన్నట్టుండి ఆయనే అడిగారు.

"ఓపికుండగా ఒకసారి విందాంరా, కూర్మం."

అప్పటినుంచి కూర్మారావుకి ఒకటే ధ్యాస. ఆ వీణకి తగ్గ స్పీకర్లు కావాలి. పాతకాలపు తీరువి ఇప్పుడు మళ్లీ చేస్తున్నారు. టేకు చెక్క పెట్టె, ముందు గోధుమరంగు నేతగుడ్డ. తెలిసిన దుకాణదారు విని చూసుకోమని రెండు జతలు పంపించాడు. ఒక జత నడుమెత్తుంది, పెట్టెలోని చక్రం అన్నం తినే పళ్లెమంత. రెండో జత చెప్పుల డబ్బా కన్నా కాస్త పెద్దది.

పెద్ద జత మీదే అతని ప్రాణం. వాటి గురించి చదవని పుస్తకం లేదు, అడగని మనిషి లేడు. గోడకి ఆనించి నిలబెట్టి, రోజూ పంచె కొంగుతో తుడిచేవాడు. కాని అందులో వీణ వేస్తే ఒక చిక్కు వచ్చి పడింది. సోమిదేవమ్మ గారు మంద్ర పంచమం మీటినప్పుడల్లా గదంతా ఉరిమినట్టయ్యేది. తర్వాత వచ్చే నాలుగైదు స్వరాలు ఆ ఉరుములో మునిగిపోయేవి. టేపు పాడైందేమో అనుకున్నాడు. వైర్లు మార్చాడు. గోడలకి దుప్పట్లు కట్టాడు. ఉరుము మాత్రం పోలేదు.

చిన్న జతలో ఆ గోల తక్కువే. కాని ఆవిడ వీణకి ఈ డబ్బాలా? మనసొప్పలేదు.

ఆదివారం పొద్దున్నే శాస్త్రిగారు వచ్చారు. గుమ్మంలో నిలబడి గదిని పైనుంచి కిందికి చూశారు. స్పీకర్ల వంక చూడనైనా లేదు.

"ఏ జత ఉంచమంటారు, గురువుగారూ?"

"ఆ దుప్పట్లు తీసేసి తలుపు వెయ్యి."

కూర్మారావు తీసి, తలుపు వేశాడు. ఆయన గోడకి చేరగిలబడి నేల మీద కూర్చున్నారు. కళ్లు మూసుకుని షడ్జం అందుకున్నారు. అరగంట పాడితే అలిసిపోయే ముసలి గొంతు, సన్నగా, కాస్త వణుకుతూ. అక్కణ్ణించి ఒక్కొక్క మెట్టే దిగారు. నిషాదం. ధైవతం. ఇంకా కిందికి.

పంచమం దగ్గర గది ఆ స్వరాన్ని అందుకుంది.

కూర్మారావు ఉలిక్కిపడ్డాడు. కిటికీ అద్దం జల్లుమంది. వీపు వెనకున్న గోడ పలికింది. కూర్చున్న నేల పలికింది. ఆ నాదం అతని ఎముకల్లోకి దిగి, గుండెలో ఎవరో తంబుర మీటుతున్నట్టు మోగింది. గురువుగారి పెదవులు చూస్తే అంతంత మాత్రంగా కదులుతున్నాయి.

ఆయన స్వరాన్ని వెంట్రుకవాసి దించారు. అంతా పోయింది. మళ్లీ ముసలి గొంతు ఒక్కటే మిగిలింది. తిరిగి పంచమానికి వచ్చారు. గది మళ్లీ లేచింది.

"ఎవర్రా అది?"

"మీరే కదండీ."

"నాకెక్కడిదిరా అంత గొంతు?"

శాస్త్రిగారు అతని భుజం ఆసరాగా లేచి, గది నడిమధ్యకి వచ్చి కూర్చున్నారు. అదే పంచమం పాడారు. ఈసారి ఏమీ కాలేదు. అద్దం కదల్లేదు, గోడ పలకలేదు.

"ఇప్పుడు నువ్వు."

కూర్మారావు గోడ వారకి జరిగి పాడాడు. గది ఉరిమింది. మధ్యకి వచ్చి పాడాడు. ఊరుకుంది. మళ్లీ గోడ దగ్గరికి, మళ్లీ మధ్యకి. ఎన్నిసార్లు అలా తిరిగాడో అతనికే తెలీదు. ఒళ్లంతా గగుర్పాటు. తను కట్టించుకున్న ఇల్లు, పదేళ్లుగా చీపుళ్లూ డబ్బాలూ పడేసిన గది. దీనికో స్వరం ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు. అతనూ అడగలేదు.

గోడకి ఆనించిన పెద్ద పెట్టెలు ఆ స్వరాన్నే లేపుతున్నాయి, వాటిని జరపడానికి గదిలో చోటు లేదు. కూర్మారావే లేచి, పెద్ద పెట్టెల్ని ఒకదాని తర్వాత ఒకటి కావలించుకుని బయటికి మోసుకెళ్లాడు.

చిన్న జతని రెండు ముక్కాలి పీటల మీద పెట్టాడు. శాస్త్రిగారు వాటిని తన చేత్తోనే గోడ నుంచి జరిపారు, జానెడు ఒకసారి, ఇంకో బెత్తెడు ఒకసారి. ఒకదానికొకటి దగ్గర చేశారు. జరిపి, పాడి, మళ్లీ జరిపారు. చాలనిపించాక తల ఊపి, మళ్లీ గోడకి చేరగిలబడ్డారు.

కూర్మారావు టేపు పెట్టాడు.

వీణ మొదలైంది. పంచమం తీగ మీటారు ఆవిడ. అది పంచమంలాగే పలికి, తన చోటు తను చూసుకుని, పక్క స్వరానికి దారిచ్చింది. వీణ మెట్ల మీద వేలు జారే చప్పుడు వినబడింది. గమకానికి ముందు ఆవిడ ఊపిరి తీసుకోవడం వినబడింది.

కాసేపటికి సన్నగా ఒక కూనిరాగం వినిపించింది. గురువుగారు పాడుతున్నారనుకుని కూర్మారావు తల తిప్పాడు. ఆయన పెదవులు మూసుకునే ఉన్నాయి. ఆ గొంతు వీణ అడుగునుంచి వస్తోంది. ఆడగొంతు. తీగని వెంటాడుతూ, ఎక్కడా తొణకకుండా, తనకోసం తను పాడుకునే గొంతు.

ఆనాడు అరుగు మీద కూర్చున్న కూర్మారావుకి అది వినబడలేదు. నిన్నటిదాకా ఉరుము కిందా వినబడలేదు.

"అమ్మగారు పాడేవారా, గురువుగారూ?" అన్నాడు, పెదవి విప్పీ విప్పకుండా.

"నలభై ఏడేళ్లు కాపురం చేశాంరా" అన్నారు శాస్త్రిగారు. "నాకు తెలియదు."

టేపు అయిపోయింది. మెట్ల మీద ఎవరో ఎక్కి వెళ్లారు, ఆ అడుగులు కూడా ఆగిపోయాయి.

శాస్త్రిగారు గోడ నుంచి కాస్త ముందుకి జరిగి, స్పీకర్లకి ఎదురుగా సర్దుకుని కూర్చున్నారు. భార్యని ఆయన పేరు పెట్టి పిలవగా కూర్మారావు ఏనాడూ వినలేదు.

"భళా, సోమీ" అన్నారు ఆయన, ఆ గదికి సరిపోయేంత గొంతుతో.