జల్లు తెచ్చిన జల్లెడ

అనగనగా కొండలకి ఇవతల ఒక ఊళ్ళో పైడమ్మ అని నీ అంత పిల్ల ఉండేది. నీ అంత మొండిది కూడాను. మూతి ముడవకు, కథ విను.

ఒకరోజు ఇంటిల్లిపాదీ అడవిలో జలపాతం చూసి, పొద్దుగూకేలోపల వచ్చేద్దామని బండి కట్టారు. ఏటా ముందు బండెక్కే తాతకి ఈసారి కాలు విరిగి కట్టు ఉంది. "ఆ జల్లు ఒక్కసారి వీపున పడితే ఏడాదంతా ఒళ్ళు తేలిగ్గా ఉండేది," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"బెంగపడకు తాతా, నీ జల్లు నేను తెస్తా," అంది పైడమ్మ.

అప్పుడు వంటింట్లోకి వెళ్ళి ఏం తెచ్చుకుందో చెప్పు? చెంబు కాదు, బిందె కాదు. పిండి జల్లించే జల్లెడ. జల్లు పట్టేది జల్లెడ కాక మరేమిటని దాని ధీమా.

బండిలో సన్యాసి బాబాయి చూశాడు. "జల్లెడతో నీళ్ళు తెస్తావుటే? పనిలో పని, నాకు వలలో కాస్త గాలి కూడా పట్టుకురా," అన్నాడు.

జలపాతం దగ్గర పైడమ్మ మొదట జల్లెడ పట్టింది. నీళ్ళన్నీ కారిపోయాయి.

ఆ తర్వాత మోదుగాకులు పరిచి పట్టింది. నీళ్ళు నిలిచాయి. వేలు ముంచి చూసి, "ఇవి ఉత్త నీళ్ళు, జల్లు కాదు," అని పారబోసేసింది.

ఆ తర్వాత జల్లెడని నెత్తిమీద పట్టుకుని ధార కింద నిలబడింది. సన్నసన్నగా, చురుక్కుచురుక్కుమని, ఒళ్ళంతా జల్లు. "దొరికింది," అంది.

"ఖాళీగా ఉంది కదే?" అంది పిన్ని.

"ఇందులోనే ఉంది పిన్నీ."

ఇంటికొచ్చేసరికి తాత గుమ్మంవైపే చూస్తున్నాడు. "తెచ్చావా?" అన్నాడు, తేలేదంటుందేమోనని భయపడుతూనే.

అప్పుడు పైడమ్మ తాతని అరుగు చివర కూర్చోబెట్టించి, కట్టు తడవకుండా కాలు పీటమీదికి చాపించింది. వీపు మీద జల్లెడ పట్టింది. "బాబాయ్, పొయ్యి," అంది. బాబాయి బిందెడు నీళ్ళు పోశాడు.

తాత కళ్ళు మూసుకున్నాడు. "ఇదేనే. అచ్చం ఆ జల్లే. ఇంకో బిందె పొయ్యమను."

మూడు బిందెలయ్యాక బాబాయి చొక్కా విప్పి, "నాకూ కాస్త పట్టవే," అన్నాడు.

"నీకు గాలి కదా బాబాయ్ కావాలన్నావు," అంది పైడమ్మ. "వల ఎక్కడ పెట్టానో చూసొస్తా, ఉండు."

జల్లెడ వంటింటికి,
జల్లు తాత ఒంటికి,
కథేమో కంచికి,
నిద్దరేమో నీ కంటికి.