ఈరమ్మ దెబ్బ

కొండలకింకా పేర్లు పెట్టని కాలం. అడవి అంచున ఒక సంత, ఆ సంతలో మూడాచారి అనే కమ్మరి. ఆయన మడత కత్తులు చేసేవాడు. కూరగాయలు కోసే చాకులనుకునేరు! తెరిస్తే జానెడు అలుగు, మూస్తే గొంగడి మడతలో దాగేది. కొమ్మ కొట్టాలన్నా, తోడేలుకు ఎదురు నిలవాలన్నా గొర్లకాపరికి అదే దిక్కు.

మూడాచారి అక్క ఈరమ్మ. మొగుడు పోయాక తమ్ముడి పంచన చేరింది. పొద్దంతా కొలిమి తిత్తి ఊదేది, సంతనాడు కత్తుల పస తేల్చేది. తడి తాడు కోసేది. ఎండు తుమ్మకొమ్మ కోసేది. గొర్రెబొచ్చు కోసేది. జనం ఆహా అనేవాళ్లు. ఈరమ్మ మాత్రం, "కోసేది చూసినవ్, కాసేది చూసినవా?" అనేది. అలుగు మడిచి దూర్చే గాడి మీద వేళ్లు పడకుండా పిడి పట్టి, కత్తి వీపుతో మొద్దు మీద మూడు దెబ్బలు కొట్టేది. అలుగు మడతపడకుంటే ఒక గొర్రె విలువ. మడతపడితే, ఎంత మెరిసినా, గంపెడు జొన్నలకు కూడా తగదు.

ఒక ఏడు వానలు దంచికొట్టాయి. మూడు సంతలు బేరం లేదు. ఇంట్లో గింజల్లేవు, కొలిమిలో బొగ్గుల్లేవు. ఉన్న కాస్త ఇనుముతో మూడాచారి ఒకే ఒక పెద్ద కత్తి చేశాడు. ఇనుము చాలక మడత దగ్గర సన్నటి చీల వేశాడు.

నాలుగో సంతకు బీరన్న అనే కాపరి గొర్రెను తోలుకొచ్చాడు. మర్నాడే ఒంటరిగా అడవికి పోవాలి. కత్తి విదిలిస్తే చాలు, టక్కున తెరుచుకుంది. మురిసిపోయాడు. మడత వదులైతేనే అట్లా తెరుచుకుంటుందని ఆ పిచ్చి మారాజుకు తెలియదు.

"అక్కా, ఈ ఒక్కసారి ఊకో. పిల్లలు పస్తున్నరు," అన్నాడు మూడాచారి మెల్లగా.

ఆ పిల్లల్ని ఎత్తుకు పెంచింది ఈరమ్మే. అయినా బీరన్న చేతి వంక చూసింది. ఆ చెయ్యి పోతే మంద పోయినట్టే.

తాడు తెగింది. కొమ్మ తెగింది. బొచ్చు తెగింది. ఈరమ్మ మొద్దు ముందర కూర్చుంది.

మూడాచారికి కోపం నషాళానికంటింది. "అట్ల వేళ్ల కొసలతో పడితే ఏ కత్తైనా మడతవడ్తది! కాపరి పట్టినట్టు పట్టి కొట్టు, చూస్త!"

"అట్లనే కానీ తమ్ముడా," అంది ఈరమ్మ. పిడి చుట్టూ, గాడి మీదుగా, వేళ్లు బిగించింది.

ఒక దెబ్బ. నిలిచింది. రెండో దెబ్బ. నిలిచింది. మూడో దెబ్బకు చీల విరిగింది, అలుగు మడతపడింది. రెండు వేళ్లు మొద్దు పక్కన పడ్డాయి.

మూడాచారి అక్క కాళ్ల మీద పడి పసివాడిలా ఏడ్చాడు. "ఏడ్వకురా. ఆ కాపరి పిలగాని వేళ్లు మిగిలినయ్," అందామె, చెయ్యి కొంగులో చుట్టుకుంటూ.

బీరన్న గొర్రెను అక్కడే కట్టేశాడు. "నీ చేతి కత్తే కావాలె ఆచారీ. ఎన్నాళ్లయినా ఆగుత," అన్నాడు. లావుపాటి చీలతో కొత్త కత్తి తయారయ్యేదాకా అతను అడవికి పోలేదు.

ఈరమ్మ పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలియదు. ఆ సంతలో ఇప్పటికీ కొనేవాడు ముందు కత్తి ముట్టడు. అమ్మేవాడే పిడి చుట్టూ తన వేళ్లు బిగించి మొద్దు మీద మూడుసార్లు కొట్టాలి. ఆలస్యంగా వచ్చినవాడు అడుగుతాడు: "ఈరమ్మ దెబ్బ పడ్డదా?"

కమ్మరి చెయ్యి చాపి చూపిస్తాడు. "పడ్డది. వేళ్లు లెక్కవెట్టుకో."