ముత్తవ్వ పాదాలు

శిల్పి మోనాచారి గారికి ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. "చూద్దాంలే" అని పనిలో పడిపోయేవారు. శిష్యుడు సోమేశం అడిగిన ప్రశ్నకూ అదే అన్నారు. ఏళ్ళ తరబడి దేవతామూర్తులే చేసిన సోమేశానికి మొదటిసారి ఒక మనిషి విగ్రహం అప్పగించారు మరి. "గురువుగారూ, దేవుడి విగ్రహానికీ మనిషి విగ్రహానికీ తేడా ఎక్కడుంటుందండీ?" అని అడిగాడు పాపం.

ఆ మనిషి ముత్తవ్వ. కోటలాంటి దొర గడిలో తరతరాలుగా కూలి లేకుండా వెట్టి చేసిన ఇంటి కోడలు. ఆ రోజుల్లో గడి ముందు నుంచి పోవాలంటే ఎంతటివాడైనా చెప్పులు విప్పి చేతబట్టుకోవాల్సిందే. ఒకనాడు ముత్తవ్వ చెప్పులు తొడుక్కునే, తల ఎత్తుకునే, దొర చూస్తుండగా నడిచిపోయింది. వెనకాలే వాడ వాడంతా కదిలింది. ఆ ఊళ్ళో వెట్టికి నూకలు చెల్లాయి. ఇప్పుడు అదే గడి ఎదుట ఆమె కంచు విగ్రహం పెట్టబోతున్నారు.

సోమేశం మట్టి నమూనాకు ప్రాణం పెట్టాడు. పాదాల వేళ్ళు, గోళ్ళు, మడమల పగుళ్ళు, ఒక్కటీ వదల్లేదు. ఊరివాళ్ళు వచ్చి చూసి ఊ అంటే కంచు పోయడమే. కాదన్నారో, అతని మొదటి విగ్రహం మట్టిగుంటలో కలిసినట్టే.

వచ్చారండీ, ట్రాక్టర్ల మీద, డప్పులు దద్దరిల్లగా! కొలిమి సాల వాకిట్లో చెప్పులు గుట్టపడ్డాయి. ముత్తవ్వ మనవరాలు పోశవ్వ అందరికన్నా ముందు లోపలికి వచ్చి, "అచ్చం మా అవ్వే! మా అవ్వే!" అని కేకపెట్టి ఆ మట్టి పాదాల ముందు సాగిలపడింది. జనమంతా చేతులు జోడించారు. సోమేశం ఆనందానికి పట్టపగ్గాల్లేవు. దేవతనే చేశానురా అనుకున్నాడు.

మోనాచారి గారు మెల్లగా బయటికి వెళ్ళి, పోశవ్వ చెప్పులు తన చేతులతో తెచ్చి ఆమె ముందు పెట్టారు.

"అయ్యో, వద్దయ్యా! మా అవ్వ ముంగట చెప్పులేసుకుంటనా?" అంది పోశవ్వ హడలిపోయి.

"ఆమె ముందు కాకపోతే ఇంకెవరి ముందు వేసుకుంటావమ్మా?"

పోశవ్వ పకపకా నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, కాళ్ళు చెప్పుల్లో దూర్చింది. "ఇగ మీరూ ఏసుకోండ్రి!" అని అరిచింది. జనం వాకిట్లోకి ఉరికారు. డప్పు మళ్ళీ అందుకుంది. టపటపా చెప్పుల చప్పుడుతో సాలంతా నిండిపోయింది.

సోమేశం చుట్టూ చూశాడు. అంతమందిలో వట్టికాళ్ళతో ఉన్నది ఒక్క ముత్తవ్వే. కథంతా విన్నవాడే, అయినా దేవుళ్ళకు అలవాటుపడ్డ చేతులు దేవుడి పాదాలే చేశాయి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. గబగబా మట్టి పిసికాడు. "అక్కా, ఆమె చెప్పులు ఎట్లుండేవి?"

"కిర్రు చెప్పులు నాయనా! ఆమె వస్తుంటే అల్లంత దూరానికే ఇనబడేటియంట!"

ముచ్చటపడి చెక్కిన వేళ్ళ మీద చెప్పుల పట్టీలు వేస్తుంటే అతనికి బాధే కలగలేదు, చేతులు ఉత్సాహంగా కదిలాయి. పని ముగించి అడిగాడు.

"గురువుగారూ, పీఠం ఎంత ఎత్తు పెట్టమంటారు?"

"పీఠమా?" అన్నారు మోనాచారి గారు. "ఆమె నడిచింది నేల మీద కదటోయ్."